మూత తీయని డ్రమ్ము

దేనికి భయం

ఉద్యోగం చేసినంత కాలం నేను భయపడుతూనే చేశాను. పదవీ విరమణ సభలో ఈ మాట చెప్పలేదు. శాలువా కప్పి, మెడ నిండా దండలు వేసి, "మేడమ్ వస్తున్నారంటే దుకాణదారులకు హడల్" అని ఒకరి తర్వాత ఒకరు పొగుడుతుంటే తల వంచుకుని కూర్చున్నాను. సిగ్గుపడుతున్నాననుకున్నారు. సిగ్గే, కాదనను. దేనికి సిగ్గో వాళ్లకు తెలియదు.

శాఖలో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, మెమోలు రాయను. అవన్నీ సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి, చెదలు చదువుకుంటాయి. నేను పౌర సరఫరాల శాఖలో డిప్యూటీ తహసీల్దారుని. బియ్యం, చక్కెర, కిరోసిన్ కార్డుదారులకు అందుతున్నాయా, దారిలో ఎవరైనా మింగుతున్నారా, గోదాముల్లో ఎవరు దాచి ధర పెంచుతున్నారు అని చూడటం నా పని. నేను చెప్పేది తొంభైల చివరి మాట. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా తిరిగేదాన్ని. మధ్యలో మచ్చ బొల్లారం కాలనీలు, ఇటు బౌరంపేట వైపు పల్లెలు.

మొదటిది, లైనుకు భయపడేదాన్ని. శామీర్‌పేటలో ఒక దసరాకు పామాయిలు సగమే వచ్చింది. జనానికి చెప్పే ధైర్యం లేక డీలరు నన్ను ముందుకు తోశాడు. "అందరికీ రాదమ్మా, సగం మందికే" అని నోరు తెరిచానో లేదో లైను కాస్తా గుంపయింది. నన్ను కౌంటరుకు అదిమేశారు. ఊపిరాడలేదు. ఆ తోపులాటలో ఒక ముసలమ్మ నా మణికట్టు పట్టుకుని, "నా వంతు వచ్చేసరికి ఒడిసిపోతదా బిడ్డా? ఐదింటికెళ్లి నిలవడ్డ" అంది. ఆమె గోళ్లు దిగిన చోట వారం రోజులు మచ్చ ఉంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఖాళీ సీసా చేతిలో పట్టుకుని తెల్లవారుజాము నుంచి నిలబడితే ఎవరైనా అట్లాగే పట్టుకుంటారు.

రెండో భయం వ్యాపారికి. దాడి చేసి వచ్చిన మర్నాడు ఆఫీసులో ఫోను మోగితే ఎత్తడానికి చెయ్యి వచ్చేది కాదు. మూడోది సరుకుకు. సరుకుకు భయమేమిటని నవ్వకండి. నేను రాయాలనుకున్నది దాని గురించే.

కరీం సాబ్ ముక్కు

నా మొదటి పై అధికారి కరీం సాబ్. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. అత్తరు పూసుకునేవాడు కాదు, పాన్ వేసేవాడు కాదు. "ముక్కు సాఫ్ ఉండాలె బేటీ, మన నౌకరికి అదే పెట్టుబడి" అనేవాడు.

ఆ రోజుల్లో కంట్రోలు దుకాణంలో ఇచ్చే కిరోసిన్‌కు, మా వైపు గ్యాసునూనె అంటారు, నీలం రంగు కలిపేవారు. నీలం నూనె ప్రైవేటు గోదాములో కనబడిందంటే అది పేదల వాటా, దొంగసరుకు. చూడగానే పట్టుకోవచ్చు. కరీం సాబ్‌కు ఆ రంగు మీదే నమ్మకం లేదు. ప్రతి డ్రమ్ము మూత తీయించి, సన్నటి కర్ర ముంచి, రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్దేవాడు. వాసన చూసేవాడు. ఆగేవాడు. మా అరచేతుల్లోనూ వేసేవాడు.

"సల్లగ తగిలి జల్దీ ఆరిపోయిందనుకో, అండ్ల పెట్రోలు కలిపిన్రు. జిడ్డు జిడ్డుగ ఉండిపోయిందా, అసల్ది. ఎన్ని డ్రమ్ములుంటే అన్ని మూతలు తియ్యాలె. ఒక్కటి చూసి పదింటికి దస్కత్ పెట్టేటోడు ఏదీ చూడనోడి కింద లెక్క."

పది డ్రమ్ములకు గంట పట్టేది. మేం వెనకాల నవ్వుకునేవాళ్లం. ఆయన రిటైరయ్యాక వచ్చిన అధికారికి ఇదంతా చాదస్తం. ఆయన పొద్దున్నే అడిగేది ఒకటే: "ఈ వారం ఎన్ని కేసులు?" నాకు ఆ కొత్త సారే నచ్చాడు. ఇప్పుడు చెప్పడానికి మొహమాటమెందుకు? పని తొందరగా అయ్యేది, పేరు వచ్చేది.

గోదాము

మేడ్చల్ దాటాక పెద్దరోడ్డు పక్కన మాణిక్యం సేటు గోదాము ఉండేది. పైకి సిమెంటు వ్యాపారం. లోపల నీలం నూనె దిగుతోందని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఒక మధ్యాహ్నం వెళ్లాను. నాతో జీపు డ్రైవరు, అటెండరు, పంచనామాకు రోడ్డు మీద బతిమాలి తెచ్చుకున్న ఇద్దరు సాక్షులు.

సిమెంటు బస్తాల వెనక తొమ్మిది డ్రమ్ములు దొరికాయి. మొదటి మూత తీశాం. నీలం. అరచేతిలో రుద్దాను, జిడ్డు. రెండోది, మూడోది కూడా అంతే. నాలుగో మూత తీస్తుండగా బయట లారీ చప్పుడయింది. చూస్తే, లారీని వెనక్కి తెచ్చి గేటుకు అడ్డంగా పెట్టారు. హమాలీలు, డ్రైవర్లు ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. ఇరవై మంది దాకా పోగయ్యారు. గోడకు ఆనుకుని నిలబడ్డారంతే.

ఐదోదీ, ఆరోదీ, ఏడోదీ కూడా తీశాం. ఎనిమిదో డ్రమ్ము దగ్గరకు వెళ్లబోతే దాని పక్కన నిలబడ్డ ఒకతను చొక్కా జేబులోంచి బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు. అగ్గిపెట్టె తీశాడు. వెలిగించలేదు. నన్నే చూస్తూ అగ్గిపెట్టెను వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. నేను కర్రను చీర కొంగుతో తుడుస్తూ అక్కడే ఆగిపోయాను. సాక్షుల్లో ఒకడు, "మేడమ్, చాలు తియ్యిన్రి. అన్ని ఒక్కటే ఉన్నయి గద" అని గొణిగాడు.

చాలనిపించింది. నిజంగా చాలనిపించింది. ఎనిమిది, తొమ్మిది మూతలు తీయకుండానే "తొమ్మిది డ్రమ్ముల నీలిరంగు కిరోసిన్" అని పంచనామా రాశాను. సాక్షులు సంతకాలు గీకేసి బయటకు ఉరికారు. శాంపిలు సీసాలు మొదటి డ్రమ్ముల్లోంచి నింపాను. లారీ ఎందుకో తనంతట తానే పక్కకు జరిగింది. ఆ మర్యాద చూసైనా అనుమానం రావలసింది. రాలేదు. బయటపడ్డామన్న సంతోషంలో ఉన్నాను.

పట్టుకున్న సరుకును మేం నెత్తిన పెట్టుకుని తిరగలేం. ఎవరో ఒక నమ్మకమైన మనిషికి కాగితం రాయించుకుని అప్పగిస్తాం. దాన్ని జిమ్మా అంటాం. మచ్చ బొల్లారంలో కంట్రోలు దుకాణం నడిపే అంజమ్మకు జిమ్మా చేశాను. భర్త పోయాక ఆయన డీలర్‌షిప్ తన పేరున తెచ్చుకుని నడుపుతున్న మనిషి. గట్టి మనిషి, పది మందికి సమాధానం చెప్పగలదు. ఆ కాలనీకి అప్పటికి రెండు నెలలుగా కిరోసిన్ రాలేదు. పట్టుకున్న నూనెను అక్కడి కార్డులకే పంచడానికి అనుమతి ఇవ్వండని నేనే పైకి రాశాను. శాంపిలు రిపోర్టు స్వచ్ఛమని వచ్చింది, అనుమతీ వచ్చింది. కొత్త సారు భుజం తట్టాడు. ఇంటికొచ్చి మా అత్తమ్మకు చెప్పుకుని మురిసిపోయాను.

ఫోను

పంపకం మొదలైన మూడో రోజు. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో ఆఫీసు ఫోను మోగింది. మాణిక్యం సేటు గొంతు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడేవాడు, ఆ రోజు గుసగుసలాడినట్టుగా ఉంది.

"మేడమ్, మా నూనె బొల్లారంల పంచుతున్నరట, నిజమేనా?"

"అయితే ఏంది?"

"కేసు తెగేదాక అట్లనే పడి ఉంటదనుకున్న. సున్నం గీత కొట్టిన డ్రమ్ము ఒకటుంటది. అది తెరిచిన్రా?"

"ఎందుకు అడుగుతున్నవ్?"

అవతల తలుపు మూసిన చప్పుడయింది.

"అండ్ల సగం పెట్రోలు మేడమ్. పెట్రోలని అమ్మనీకి పెట్టింది. పొయ్యిల పోస్తె పేలుతది. నేను చెప్పిన్నని రాయకున్రి, రాస్తె నేను అననే లేదంట. కని జల్దీ పోన్రి. మనుషులు సస్తరు."

ఫోను పెట్టేశాడు. వేళ్ల మధ్య అగ్గిపెట్టె తిప్పుతున్న ఆ మనిషి కళ్ల ముందు కదిలాడు. వాడు నన్ను బెదిరించింది ఆ డ్రమ్ము దగ్గరికి రానీయకుండా ఉండటానికే. జీపులో కూర్చున్నాక డ్రైవరు ఎక్కడికని అడిగితే చేత్తో చూపించాను.

అంజమ్మ కొట్టు ముందు లైను లేదు. అది చూసి ప్రాణం ఇంకా పోయింది. లైను లేదంటే పంచడం అయిపోయిందన్న మాట.

"సున్నం గీత డ్రమ్ము?"

"అగో, గదే. పొద్దుగాల తెరిచిన మేడమ్. అడుగు మిగిలింది. ఏమైంది, గట్లున్నరేంది?"

కర్ర ముంచి అరచేతిలో వేసుకున్నాను. మంచుగడ్డ పెట్టినట్టు చల్లగా తగిలింది. చూస్తుండగానే ఆరిపోయింది. కరీం సాబ్ బతికి ఉంటే నా చెయ్యి పట్టుకుని ఏడ్చేవాడు. రంగు మాత్రం నీలమే.

రిజిస్టరు తీయించాను. పొద్దున్నుంచి అరవై కార్డులు. కార్డుకు మూడు లీటర్లు. అరవై ఇళ్లు, అరవై పొయ్యిలు. టైము మూడుంబావు. నాలుగున్నర, ఐదుకల్లా కాలనీలో చాయ్ పొయ్యిలు వెలుగుతాయి. అంజమ్మకు విషయం చెప్పాను. నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకుని మెట్టు మీద కూలబడింది. "నా చేతుల మీద పోసిచ్చిన గద మేడమ్, నా చేతుల మీద" అని అదే మాట అంటోంది. లేపి నిలబెట్టాను. ఏడవడానికి టైము లేదు.

అగ్గిపుల్ల

మైకున్న ఆటో ఒకటి దొరికింది. వెనక కూర్చుని గల్లీ గల్లీ తిరిగాను. "ఈ రోజు కంట్రోలు దుకాణంలో తీసుకున్న కిరోసిన్ పొయ్యిలో పోయకండి, వెంటనే తెచ్చి ఇచ్చేయండి" అని అరిచాను. ఎవరైనా వస్తారా? తలుపులు టపటపా మూసుకున్నాయి. రెండు నెలల తర్వాత దొరికిన నూనెను సర్కారు వెనక్కి గుంజుకోవడానికి వచ్చిందనుకున్నారు. కొందరు మంచాల కిందికి తోశారు, కొందరు నీళ్ల తొట్టి వెనక దాచారు. ఒకామె గుమ్మంలో నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఇచ్చుడెందుకు, గుంజుకపోవుడెందుకు? ఎవలికి అమ్ముకుంటరు గిది?"

"అమ్మా, పేలుతది. పెట్రోలు కలిసింది."

"నిన్న గోధుమలు ఖరాబున్నయని చెప్పి వాపస్ తీస్కపోయిన్రు. ఇయ్యాల గ్యాసునూనె పేలుతదంటున్నరు. రేపేమంటరో! మస్తు చూసినం పో మేడమ్!"

గోధుమల మాట నిజమే. మా శాఖ మాట మీద జనానికి నమ్మకం లేకుండా చేసింది మేమే. నాలుగు దాటింది. అరవై డబ్బాల్లో తొమ్మిదే వచ్చాయి. నాకు దుఃఖం ముంచుకొచ్చింది, దానితో పాటు కోపమూ వచ్చింది. ఆటోను అంజమ్మ కొట్టు ముందుకు తిప్పించి, మైకులో, "రాండ్రి! అబద్ధమైతే నన్ను ఇక్కడ్నే చెప్పుతో కొట్టున్రి! వచ్చి చూడున్రి!" అని గొంతు చించుకున్నాను. చెప్పు మాట వినగానే వచ్చారు. అధికారిని కొట్టే అవకాశం రోజూ రాదు కదా.

రెండు ఇత్తడి పళ్లాలు మట్టిలో పెట్టించాను. ఒకదాంట్లో మంచి డ్రమ్ము నూనె, ఇంకోదాంట్లో ఇది. రెండూ ఒకే నీలం. అగ్గిపుల్ల గీసి మొదటి పళ్లెంలో పడేశాను. చుయ్యిమని ఆరిపోయింది. "గదేంది, అంటుకోలే" అని నవ్వారు. ఇంకో పుల్ల గీసి రెండో పళ్లెం మీదికి విసిరాను. పుల్ల నూనెను తాకనే లేదు. భగ్గున నా ఎత్తు మంట లేచింది. ముందు వరసలోని వాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. నా ముందు జుట్టు, కనుబొమలు కమిలి కంపు కొట్టాయి. తర్వాత "నా కోడలు పొయ్యి కాడున్నదే!" అని ఒకామె కేక పెట్టింది. ఇక అందరూ ఉరికారు.

ఆ కోడలు పొయ్యిలో నూనె పోసి, పంపు కొట్టి, అగ్గిపెట్టె వెతుకుతోంది. అగ్గిపెట్టె చేతిలో ఉండగానే అంజమ్మ వెళ్లి ఆమెను రెక్క పట్టి బయటకు లాగింది. ఆ పిల్ల మాకేదో పిచ్చెక్కిందనుకుని ఏడుపు లంకించుకుంది. నేను ఆ వంటింటి గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

ఇక డబ్బాలు వాటంతట అవే వచ్చాయి. ఒక్కొక్కటీ రిజిస్టరులో టిక్కు పెడుతూ తీసుకున్నాం. మంచి డ్రమ్ము లోంచి బదులు పోసిచ్చాం. ఐదున్నరకు యాభై తొమ్మిది.

అరవయ్యో పేరు

మిగిలిన పేరు బాలనర్సయ్య.

ఆ పేరు నాకు తెలుసు. ఆ మనిషి చనిపోయి నాలుగేళ్లు. కార్డు మాత్రం బతికే ఉంది. ప్రతి కంట్రోలు దుకాణంలోనూ చచ్చిపోయినవాళ్ల కార్డులు నాలుగైదు నడిచేవి. డీలరుకు వచ్చే కమీషన్ కొట్టు కిరాయికి చాలదు, ఆ నాలుగు కార్డుల సరుకు అటూ ఇటూ అమ్ముకుని బతుకుతారు. తనిఖీకి వెళ్లిన మేం చూసీ చూడనట్టు పోయేవాళ్లం. అంజమ్మ కొట్టులో నేను కూడా అంతే. పోనీలే, ఆడమనిషి, ఒంటరిగా నెట్టుకొస్తోంది అనుకునేదాన్ని. అదేదో నా దయాగుణమైనట్టు.

ఇప్పుడు ఆ చచ్చిపోయినవాడి ఇల్లు ఎక్కడని వెతకాలి?

"అంజమ్మా, బాలనర్సయ్య కార్డు నూనె ఎవరికి పోసినవ్?"

ఆమె నా మొహంలోకి చూసి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి, తల దించుకుంది.

"నిన్నే! ఎవరికి అమ్మినవ్? హోటలోడికా? దారిన పోయేటోళ్లకా?"

"తర్వాత చెప్త మేడమ్."

"తర్వాతేంది? ఎవరి ఇంట్లనో పొయ్యి పేలినంక చెప్తవా?" చెయ్యెత్తాను కూడా. కొట్టలేదు, కానీ ఎత్తాను. అందరి ముందూ.

అంజమ్మ నా చెయ్యి పట్టుకుని కొట్టు లోపలికి, బియ్యం బస్తాల వెనక్కి లాక్కుపోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మీకు ఎరికే అనుకున్న మేడమ్. మంది ముందట ఊకె అడుగుతున్నరేమో అనుకున్న. గా కార్డు నూనె నెల నెలా మీ ఇంటికే పంపుత. మీ అత్తమ్మకు. మూడేండ్ల సంది. ఇయ్యాల పదకొండింటికి పంపిన."

మా ఇంట్లో గ్యాసు కనెక్షన్ ఉంది. గ్యాసు ఉన్న ఇంటికి కిరోసిన్ ఇవ్వకూడదని ఎన్ని వందల కార్డుల మీద నేనే ముద్ర కొట్టానో.

జీపు ఎట్లా ఎక్కానో గుర్తు లేదు. మా ఇల్లున్న అల్వాల్ ఎంత దూరం, పది నిమిషాలు. నా భర్త నిజామాబాదులో బ్యాంకు ఉద్యోగం, శనివారాలు వచ్చేవాడు. ఇంట్లో అత్తమ్మ ఒక్కతే. ఆమె మధ్యాహ్నం పడుకుని ఉంటుందిలే, లేవకుండా ఉంటే బాగుండు, పక్కింట్లో ముచ్చట పెడుతూ కూర్చుంటే బాగుండు. దేవుడా, ఈ ఒక్కసారికి అని దారి పొడుగునా మొక్కాను. అరవై ఇళ్ల కోసం తిరిగినప్పుడు నేను అట్లా మొక్కలేదు. అదీ రాయాలి కదా.

గేటు దగ్గర మనుషులు గుమిగూడి ఉన్నారు. పెరట్లో గోడ పైదాకా మసి. తడి గోనె సంచులు పడి ఉన్నాయి. పొయ్యి ఒక పక్క, దాని మూత ఇంకో పక్క. పక్కింటి ఆమె ఎదురొచ్చి, "నాలుగున్నరకు పేలింది వదినా. గోనె సంచులు కప్పినం. బతికే ఉన్నది, దవాఖానకు తీస్కపోయిన్రు" అంది.

నాలుగున్నరకు నేను అగ్గిపుల్ల గీసి జనానికి చూపిస్తున్నాను.

దవాఖాన

సికింద్రాబాదులో దవాఖాన. అత్తమ్మకు రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు, మెడ మీద, గదవ మీద మందు పూశారు. మంచం పక్కన హెడ్ కానిస్టేబుల్ కాగితాలు పెట్టుకుని రాసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, అధికారిని కదా.

"నాదే తప్పు సారూ," అంటోంది అత్తమ్మ. "పంపు ఎక్కువ గొట్టిన. ముసల్దాన్ని, కండ్లు అవుపడలే. ఎవ్వరి మీద నాకు అనుమానం లేదు. గట్లనే రాసుకోన్రి."

ఆయన రాసుకుని వెళ్లిపోయాడు. ఆమె కళ్లతో నన్ను దగ్గరికి పిలిచింది.

"గంతే చెప్పిన. అంజమ్మ పేరు తియ్యలే, నీ పేరు తియ్యలే. నీ నౌకరికి ఏం గాదు. ఏడువకు."

"మనింట్లకు గ్యాసునూనె ఎందుకు అత్తమ్మా?" అన్నాను. అధికారి గొంతుతోనే అడిగానేమో.

ఆమె ఆశ్చర్యంగా చూసింది.

"నీళ్లకు బిడ్డా. సిలిండరు బుక్కు చేస్తే నెలకొస్తది. నువ్వేమో పొద్దంత దుమ్ముల తిరిగి, ఒళ్లు నొప్పులని వస్తవ్. నువ్వు రాంగనే నీళ్లు కాగి ఉండాలె గద. ఇన్నేండ్ల సంది పొద్దుమీకి నీళ్లెట్ల కాగుతున్నయనుకున్నవ్?"

నేనేమీ అనుకోలేదు. అదే నిజం. ఊళ్లో ప్రతి కొట్టులో ఎన్ని లీటర్లు ఉన్నాయో వేళ్ల మీద చెప్పేదాన్ని. నా ఒంటి మీద పోసుకునే నీళ్లు దేనితో కాగాయో మూడేళ్లలో ఒక్కసారి అడగలేదు. అంజమ్మ ఇన్నాళ్లు నాకు ఎందుకు అంత వంగి దండం పెట్టేదో కూడా అడగలేదు.

తర్వాత రాసిన రిపోర్టు

పిల్లలూ, ఇక్కడిదాకా చదివి నన్ను క్షమించేస్తారేమో. కొంచెం ఆగండి.

మాణిక్యం మీద అసలు కేసు పెట్టాలంటే డ్రమ్ములో పెట్రోలు కలిసిందని రాయాలి. అది రాస్తే రెండు మూతలు తీయకుండా సంతకం పెట్టానని రాయాలి. అరవయ్యో డబ్బా ఏమైందో రాయాలి. చనిపోయినవాడి కార్డు రాయాలి, ఆ నూనె ఎవరింట్లో పేలిందో రాయాలి. అంజమ్మ డీలర్‌షిప్ పోతుంది, నా ఉద్యోగం పోతుంది. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. మూడు రాత్రులు నిద్ర లేదు. నాలుగో రోజు ఆఫీసులో కూర్చుని, "ఒక డ్రమ్ముకు చిల్లు పడి నూనె కారిపోయినది" అని రాశాను. కాలనీ అంతా చూసింది, కానీ కాలనీని ఎవరూ అడగరు. కొత్త సారు చదివి, "చిల్లుకు ఫోటో ఉందా?" అన్నాడు. లేదన్నాను. సరే అని సంతకం పెట్టాడు.

మాణిక్యం చిన్న జరిమానాతో బయటపడ్డాడు. అతని మీద నాకు రెండు రకాల కోపం ఉండేది. కల్తీ చేసినందుకు ఒకటి. ఆ రోజు ఫోను చేసినందుకు ఇంకొకటి. చేయకపోతే పూర్తిగా చెడ్డవాడనుకుని తిట్టుకోవచ్చు. ఆ ఫోను లేకపోతే ఇంకెన్ని పొయ్యిలు పేలేవో.

అత్తమ్మ బతికింది. చేతివేళ్లు ముడుచుకుపోయాయి, అన్నం కలుపుకోలేకపోయేది. నేనే తినిపించేదాన్ని. పోయే వరకు ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. కొడుక్కు కూడా చెప్పలేదు. ఒకసారి ఎత్తి తిట్టి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

ఏడాది గడిచాక మేడ్చల్ ఆఫీసులో ఏదో లైసెన్సు పని మీద మాణిక్యం కనబడ్డాడు. పక్కన నలుగురున్నారు. చేతులు జోడించి, చాలా మెల్లగా అడిగాడు.

"మేడమ్, అత్తమ్మ చేతులు ఎట్లున్నయి? నయమైనయా?"

అతనికి ఎవరు చెప్పారో ఈ రోజుకీ తెలియదు. "నయమే" అన్నాను.

"మంచిది. గోదాం దిక్కు రాకనే పోయిన్రు మల్ల. ఎప్పుడన్న రాండ్రి, చాయ్ తాగిపోదురు."

ఆ తర్వాత నేను ఆ ప్రాంతంలో ఉన్న కాలంలో అతని గోదాము మీద రెండుసార్లు ఫిర్యాదు వచ్చింది, నీలం నూనె దిగుతోందని. రెండుసార్లూ వెళ్లాను. రోడ్డు పక్కన జీపు ఆపి, అక్కడే నిలబడి, బానెట్ మీద కాగితం పెట్టుకుని, "గోదాముకు తాళం వేసి ఉన్నది" అని రాసి సంతకం పెట్టి వెనక్కి వచ్చాను. రెండోసారి తలుపు తెరిచే ఉంది.